ఉత్తుత్తి వంటలో అసలు పని: పసిపిల్లల ఆటలో నిర్ణయం ఎవరిది?

గుజ్జనగూళ్ళ ఆట తెలుగువారికి కనీసం ఐదు వందల ఏళ్లుగా తెలుసు. పోతన భాగవతంలో చిన్నారి రుక్మిణి బొమ్మలకు పెళ్ళిళ్ళు చేస్తుంది, గుజ్జనగూళ్ళు వండించి చెలులకు పెట్టిస్తుంది. నిన్నమొన్నటి దాకా ఊళ్లలో ప్రతి వాకిట్లోనూ ఇదే ఆట సాగింది. లక్కపిడతలు ఉన్నవారు లక్కపిడతల్లో, లేనివారు కొబ్బరిచిప్పల్లో ఇసుక పోసి అన్నమనుకున్నారు, ఇటుకపొడి కలిపిన నీళ్లను పులుసనుకున్నారు, బాదం ఆకును విస్తరి చేసుకున్నారు. పెద్దల కంటికి ఇది పొద్దు గడిపే పని. పసిపిల్లల మనసు ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేసినవారికి మాత్రం ఇది మూడు నుంచి ఆరేళ్ల వయసులో పిల్లలు చేసే అత్యంత క్లిష్టమైన పనుల్లో ఒకటి.

కాస్త దగ్గరగా కూర్చుని చూస్తే ఆ క్లిష్టత తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్ల పిడత ముందు కూర్చుని, ‘నువ్వు నాన్నవంట, ఇప్పుడే ఊరినుంచి వచ్చావంట, అన్నం ఇంకా ఉడకలేదంట’ అంటుంది. ఐదేళ్ల పిల్లవాడు ఒప్పుకోడు. ‘నేను నాన్నని కాదు, బస్సు డ్రైవర్ని. టైమైపోతోంది, తొందరగా పెట్టు’ అంటాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, ‘సరే, ఇది హోటలంట, నువ్వు డబ్బులివ్వాలంట’ అని కథనే మార్చేస్తుంది. పిల్లవాడు నాలుగు వేపాకులు లెక్కపెట్టి చేతిలో పెడతాడు.

అర నిమిషం కూడా పట్టని ఈ సంభాషణలో ఎన్నో పనులు ఒకేసారి జరిగాయి. ఇసుక ఇసుకేనన్న ఎరుక పోకుండానే అది అన్నం కూడా అయింది. అందుకే దాన్ని ఎవరూ నిజంగా తినరు, నోట్లో పెట్టుకోబోయిన చిన్న తమ్ముణ్ణి ‘ఉత్తుత్తికే తినాలి’ అని వారిస్తారు. ఇంట్లో అమ్మ మాటతీరు వేరు, హోటలువాడి మాటతీరు వేరు, తొందరలో ఉన్న డ్రైవరు మాటతీరు వేరని గుర్తించి, దేనికి తగ్గట్టు దానికి గొంతు మార్చుకున్నారు. ఒకరి ఊహ మరొకరికి నచ్చనప్పుడు ఆట చెడిపోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు తగ్గాలని, తగ్గుతూనే తన మాట కొంత నిలబెట్టుకోవచ్చని ఆ పిల్ల తనంతట తాను కనిపెట్టింది. వేపాకు డబ్బయింది, నాలుగు అనే అంకెకు ఒక పని దొరికింది. వీటిని ఎవరూ నేర్పలేదు. నేర్పాలని కూర్చున్నా ఇన్నింటిని ఇలా కలిపి నేర్పగల పాఠం లేదు.

సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ప్రసంగంలో కర్రను గుర్రంగా చేసుకుని స్వారీ చేసే పిల్లవాణ్ణి ఉదాహరణగా తీసుకున్నాడు. పసితనంలో మొదట వస్తువూ దాని అర్థమూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కర్రను గుర్రమన్న రోజున గుర్రం అనే భావం నిజమైన గుర్రం నుంచి విడివడి, కర్రను ఆసరా చేసుకుని నిలబడుతుంది. ఒక వస్తువు మరో వస్తువుకు బదులుగా నిలుస్తుందన్న ఈ గ్రహింపును ముందుకు తీసుకెళితే, చదువంతా దీని మీదే నడుస్తుందని అర్థమవుతుంది. ‘క’ అనే గీత నోటితో పలికే ఒక శబ్దానికి బదులు, 5 అనే గీత ఐదు చింతగింజలకు బదులు. ఈ సంగతి మనసుకు పట్టని పిల్లవాడు పలక మీద వంద సార్లు ‘క’ దిద్దినా అది బొమ్మ గీయడమే అవుతుంది, రాయడం కాదు. ఆటలో పిల్లవాడు తన వయసు కంటే, తన రోజువారీ నడవడి కంటే పై మెట్టున ఉంటాడని, తనకంటే తానే తలెత్తు పొడుగవుతాడని కూడా వైగోట్‌స్కీ అదే ప్రసంగంలో అన్నాడు.

ఈ మాటను పరీక్షించి చూసినవారు ఉన్నారు. 1940లలో సోవియట్ పరిశోధకులు మనుయ్‌లెంకో ఇంకా బడి వయసు రాని పిల్లలను కదలకుండా నిలబడమని అడిగారు. ఊరికే నిలబడమన్నప్పుడు వారు త్వరగానే కదిలిపోయారు. తోటిపిల్లలతో ఆడే ఆటలో కాపలాదారు పాత్ర ఇచ్చి నిలబడమన్నప్పుడు అదే వయసు పిల్లలు ఎన్నో రెట్లు ఓపిక పట్టారు. 2017లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 4, 6 ఏళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పనిని పది నిమిషాల పాటు చేయమని ఇచ్చారు. మధ్యలో ఎప్పుడు కావాలంటే అప్పుడు పక్కనే ఉన్న ఐప్యాడ్‌లో ఆడుకోవచ్చని కూడా చెప్పారు. తమను బ్యాట్‌మ్యాన్‌గానో, తమకిష్టమైన మరో పాత్రగానో ఊహించుకుని, ‘బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?’ అని ప్రశ్నించుకున్న పిల్లలు, ‘నేను కష్టపడుతున్నానా?’ అని ప్రశ్నించుకున్నవారి కంటే ఎక్కువసేపు పనిలో నిలిచారు. ‘బుద్ధిగా కూర్చో’ అని చెప్పీ చెప్పీ అలసిపోయే పెద్దలు ఈ రెండు ప్రయోగాలనూ గుర్తుపెట్టుకోవడం మంచిది. పసివయసులో ఆజ్ఞ ఇవ్వలేని నిగ్రహాన్ని పాత్ర ఇవ్వగలుగుతోంది.

అయినా ఆట ఒక్కటే సకల గుణాలనూ తెచ్చిపెడుతుందన్న ప్రచారాన్ని అలాగే నమ్మకూడదు. 2013లో అమెరికా మనస్తత్వవేత్త ఏంజెలిన్ లిలార్డ్, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి ‘సైకలాజికల్ బులెటిన్’ పత్రికలో ఒక సుదీర్ఘ సమీక్ష ప్రచురించారు. ఊహాక్రీడ వల్లనే తెలివి, సృజనశక్తి, సామాజిక నేర్పు పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదని అందులో తేల్చారు. ఎక్కువగా ఉత్తుత్తి ఆటలు ఆడే పిల్లలు ఎక్కువగా మాట్లాడేవారు కూడానని చాలా అధ్యయనాల్లో కనిపించింది, కానీ అందులో ఏది కారణమో ఏది ఫలితమో అవి విడదీసి చూపలేకపోయాయి. కొన్నింటిలో పిల్లలను ఆడించినవారే తర్వాత పరీక్షలూ పెట్టారు, దాంతో ఫలితాల మీద నమ్మకం తగ్గింది. ఆటను సమర్థించేవారికి మింగుడుపడని సమీక్ష ఇది, అయినా పక్కన పెట్టదగినది కాదు. పైగా దాని ముగింపులో మరో మాట ఉంది: చేతులతో చేస్తూ, పిల్లలే నడిపించుకునే పద్ధతులే పసివారి ఎదుగుదలకు ఇప్పటిదాకా తెలిసిన మార్గాలన్నింటిలో మేలైనవని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు.

అసలు విషయం అక్కడే ఉంది. ఆటకు విలువ వచ్చేది దానికి ఆట అన్న పేరుండటం వల్ల కాదు, రంగురంగుల సామగ్రి వల్ల కూడా కాదు. ఇది ఏమవుతుంది, తర్వాత ఏం జరుగుతుంది, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాలు పిల్లల చేతిలో ఉన్నంతవరకే అది సృజనాత్మకమైన ఆట. ఆ నిర్ణయం పెద్దల చేతికి మారిన క్షణంలో పైకి అంతా అలాగే ఉంటుంది. పాట ఉంటుంది, బొమ్మలు ఉంటాయి, పిల్లల నవ్వులు కూడా ఉండవచ్చు. కానీ లోపల జరగవలసిన పని ఆగిపోతుంది.

అది ఎంత సులువుగా ఆగిపోతుందో 2011లో ఎలిజబెత్ బొనావిట్జ్ బృందం ప్రచురించిన ప్రయోగం చూపింది. పరిశోధకులు గొట్టాలతో ఒక వింత బొమ్మను తయారుచేశారు. అందులో ఒక గొట్టాన్ని లాగితే కీచుమని శబ్దం వస్తుంది, ఒకచోట నొక్కితే దీపం వెలుగుతుంది, మరోచోట తాకితే సంగీతం వినిపిస్తుంది, ఒక గొట్టంలోకి తొంగిచూస్తే లోపలి అద్దంలో ముఖం తలకిందులుగా కనిపిస్తుంది. కొందరు పిల్లలకు టీచరు లాంటి వ్యక్తి, ‘ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూపిస్తాను, చూడు’ అని గొట్టం లాగి కీచుమనిపించింది. మరికొందరి ముందు అదే శబ్దం పొరపాటున వచ్చినట్లు చేసి, ఆశ్చర్యపోయి, బొమ్మను వారికి వదిలేసింది. పాఠంలా చూపించిన పిల్లలు గొట్టాన్నే మళ్లీ మళ్లీ లాగి, తక్కువసేపే ఆడి ఊరుకున్నారు. రెండో గుంపు పిల్లలు ఎక్కువసేపు ఆడి, దీపాన్నీ సంగీతాన్నీ అద్దాన్నీ ఎక్కువగా కనిపెట్టారు. మొదటి గుంపు పిల్లలను తప్పుపట్టలేం. బొమ్మ సంగతి తెలిసిన పెద్దమనిషి చూపించిందంటే చూపవలసినదంతా చూపించినట్లేనని వారు అనుకున్నారు, అది తెలివైన ఊహే. కాకపోతే ఆ ఊహ వల్ల వెతకడం ఆగిపోయింది.

దీన్నిబట్టి పెద్దలు చేతులు కట్టుకుని దూరంగా ఉండాలని అనుకుంటే అదీ పొరపాటే. పిల్లలను పూర్తిగా వారి మానాన వదిలేయడానికి, పాఠంగా నేర్పడానికి మధ్య ఇంకో దారి ఉంది. దాన్ని మార్గదర్శిత ఆట అంటున్నారు. లక్ష్యాన్ని మనసులో పెట్టుకుని పెద్దలు సామగ్రి అమరుస్తారు, ఒకటీ అరా ప్రశ్న వేస్తారు, అక్కడి నుంచి ఆటను పిల్లలు నడిపిస్తారు. 2022లో ‘చైల్డ్ డెవలప్‌మెంట్’ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం తొలిదశ లెక్కల్లో, ఆకారాలను గుర్తించడంలో, ఒక నియమం నుంచి మరో నియమానికి మనసును మళ్లించుకోవడంలో నేరుగా బోధించడం కంటే ఈ పద్ధతి మెరుగైన ఫలితం ఇచ్చింది. ఇందులో అంతా ప్రశ్న అడిగే తీరులోనే ఉంటుంది. చెక్కముక్కలతో వంతెన కడుతున్న పిల్ల దగ్గరికి వెళ్లి ‘ఇదేం రంగు?’ అని అడిగితే ఆమె ఆట వదిలి పరీక్షకు జవాబు చెప్పాలి. ‘ఈ వంతెన మీద ఏనుగు వస్తే నిలబడుతుందా?’ అని అడిగితే ఆట మరింత లోతుకు పోతుంది, ఆ పిల్ల అడుగున ఇంకో దిమ్మ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుంది.

ఆటను నమ్మి మొదలుపెట్టిన బడులు కూడా ఈ నిర్ణయాధికారాన్ని పిల్లల నుంచి లాక్కున్న సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పసిపిల్లల కోసం ఒక సంస్థ ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఉన్ని బంతులు, చెక్క గోళాలు, ఘనాలు, దిమ్మలు అతను ‘కానుకలు’ అని పిలిచిన ఆట వస్తువులు. ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది, 1852లో ఫ్రోబెల్ కన్నుమూశాడు, 1860లో గానీ ఆ నిషేధం తొలగలేదు. తర్వాత అతని పద్ధతి ఖండాలు దాటింది గానీ, శిష్యుల్లో చాలామంది చేతిలో కానుకలు కవాతుగా మారాయి. పిల్లలంతా ఒకే క్షణంలో ఒకే దిమ్మను తీసి, టీచరు చెప్పిన చోటనే పెట్టాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో దీనిమీద తిరుగుబాటు వచ్చింది, పెద్ద పెద్ద దిమ్మలను నేలమీద పోసి పిల్లలకు వదిలేసే పద్ధతి ఆ తిరుగుబాటు నుంచి పుట్టినదే. ఆట వస్తువులు ఉన్నంత మాత్రాన ఆట ఉన్నట్లు కాదన్నది అప్పుడే తేలింది.

మన దేశంలో 1920లో భావ్‌నగర్‌లోని దక్షిణామూర్తి బాలమందిరంలో గిజుభాయి బధేకా మాంటిస్సోరి పద్ధతిని తీసుకుని, దానికి కథలను, నాటకాలను, గుజరాతీ పిల్లల ఆటపాటలను జోడించాడు. ఈ జోడింపు చిన్నదేమీ కాదు. ఆ పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి స్వయంగా కల్పనా క్రీడ కంటే నిజమైన పనికి, ఒక్కో పరికరానికి ఒక్కో నిర్దిష్టమైన వాడుకకు ఎక్కువ విలువ ఇచ్చింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా భారతదేశంలోనే ఉండి ఆమె వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. పిల్లలు తమ పనిని తామే ఎంచుకోవాలన్నది ఆమె పద్ధతికి ప్రాణం. తెలుగు పట్టణాల్లో వీధి వీధినా ఆమె పేరుతో కనిపించే బడుల్లో అధిక భాగం ఆ ప్రాణాన్ని వదిలేసి పేరును మాత్రమే తెచ్చుకున్నాయి.

ఆ బడుల్లో ఎల్‌కేజీ గది ఎలా ఉంటుందో తెలియనివారు తక్కువ. మూడున్నరేళ్ల పిల్లలు బెంచీల మీద వరసగా కూర్చుంటారు, నాలుగు గీతల నోటుపుస్తకంలో అక్షరాలు నింపుతారు, సాయంత్రం ఇంటికి హోంవర్క్ తెచ్చుకుంటారు. ఆ వయసు చేతికి ఈ పని ఎంత భారమో శరీర నిర్మాణమే చెబుతుంది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు ఎముకలుగా ఉండవు, మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, పిడతలోంచి పిడతలోకి నీళ్లు వంచడం వంటి పనులతో వేళ్లకు పట్టు వస్తుంది, పెన్సిలు దాని తర్వాతి మెట్టు. ఈ మెట్లు దాటించి తొందరగా రాయిస్తే రాత తొందరగా వచ్చినట్లు కనిపిస్తుంది. ఆ తొందరకు పిల్లలు చెల్లించే మూల్యం మాత్రం నోటుపుస్తకంలో కనిపించదు.

తల్లిదండ్రులను నిందించి ప్రయోజనం లేదు. పక్కింటి పిల్లవాడు వంద దాకా అంకెలు అప్పజెబుతుంటే తమ పిల్ల మట్టిలో ఆడుతోందన్న బెంగ నిజమైనది. ఫీజు కడుతున్నప్పుడు చేతికి కనిపించే ఫలితం కావాలనుకోవడం సహజం, బడి కూడా ఆ కోరికకు తగ్గట్టే నడుస్తుంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసింది. ఆ వాక్యాన్ని పట్టుకుని ఆరేళ్లలోపే పాఠాలన్నీ కుక్కేయాలని అర్థం చేసుకునేవారు ఉన్నారు. ఆ విధాన పత్రం చెప్పింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న ఐదేళ్లనూ పునాది దశగా గుర్తించి, ఆ దశలో బోధన ఆటల ఆధారంగా సాగాలని అది కోరింది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్వేచ్ఛా క్రీడ, మార్గదర్శిత క్రీడ, నియమబద్ధ క్రీడ అని మూడింటినీ వేరువేరుగా వివరించింది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల వంటివాటితో ‘జాదూయీ పిటారా’ (మాయల పెట్టె) విడుదలైంది. అంగన్‌వాడీల కోసం ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ (పోషణా, చదువూ) కార్యక్రమం, 2024లో ‘ఆధార్‌శిల’ పాఠ్యప్రణాళిక వచ్చాయి. కాగితం మీద మన దేశం ఆట పక్షానే ఉంది.

గదిలోకి వచ్చేసరికి గడియారం అడ్డుపడుతుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీ కేంద్రాలకు ఆరు బాధ్యతలు అప్పగించింది. వాటిలో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ మిగతావి. ఒక టీచరు, ఒక ఆయా కలిసి వంట చూసుకోవాలి, గర్భిణులకు, బాలింతలకు సరుకులు ఇవ్వాలి, పిల్లల బరువు, ఎత్తు కొలిచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేయాలి, రిజిస్టర్లు రాయాలి. వీటి మధ్య ఆటకు దొరికేది ముక్కలు ముక్కలైన సమయం. ఆటకు అలాంటి సమయం చాలదు. 1988లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం పావుగంట ఆటను, అరగంట ఆటను పోల్చి చూసింది. వ్యవధి ఎక్కువైనప్పుడు పిల్లలు గుంపుగా కలిసి కథ అల్లుకుని ఆడే ఆట పెరిగింది. తక్కువైనప్పుడు పాత్రలు పంచుకునేసరికే సమయం అయిపోతుందని గ్రహించి పిల్లలు అలాంటి ఆట జోలికే వెళ్లలేదు. గుజ్జనగూళ్ళలో ఎవరు ఎవరన్నది తేలడానికే పది నిమిషాలు పడుతుంది. సరిగ్గా అప్పుడు ‘లైనులో నిలబడండి, చేతులు కడుక్కోండి’ అన్న పిలుపు వస్తే వంట పొయ్యి మీదే ఆగిపోతుంది.

సామగ్రి సంగతి సమయమంత కష్టమైనది కాదు. వాకిట్లో, పెరట్లో దొరికేవి చాలు: చిప్పలు, మూతలు, పాత చీరముక్కలు, అట్టపెట్టెలు, తాటికాయ బుర్రలు, చింతగింజలు, తడిపిన మట్టి. ఇవి దేనికైనా పనికొస్తాయి కాబట్టి ఏం చేయాలో పిల్లలే తేల్చుకోవాలి. మీట నొక్కగానే పాడి, దీపాలు వెలిగించి, ఏబీసీడీలు వినిపించే బొమ్మలో ఆడే పనంతా బొమ్మదే, పిల్లలకు మిగిలేది చూడటం. 2016లో ఒక చిన్న అధ్యయనం 10 నుంచి 16 నెలల పిల్లలు తల్లిదండ్రులతో ఆడుతున్నప్పుడు జరిగిన మాటలను నమోదు చేసింది. ఎలక్ట్రానిక్ బొమ్మలున్నప్పుడు పుస్తకాలు, మామూలు బొమ్మలు ఉన్నప్పటి కంటే పెద్దలూ తక్కువ మాట్లాడారు, పిల్లలూ తక్కువ పలికారు. 2018లో మరో అధ్యయనం 36 మంది చిన్నారులకు ఒకసారి నాలుగు బొమ్మలు, ఇంకోసారి పదహారు బొమ్మలు ఇచ్చి చూసింది. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కొనాలనుకునేవారికి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక ఉంది. అక్కడి పనివారు అంకుడు కర్రను లేతు మీద తిప్పి చెక్కి, లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసే లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి అలమరలో అలంకారంగా కాకుండా పిల్లల చేతుల్లో మట్టికొట్టుకుని కనిపించాలి.

ఫోను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీను వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తినిపించడానికి ఫోను ఇచ్చే ఇళ్లలో ఈ లెక్క ఒక్క పూటకే దాటిపోతుంది.

దీనికంటే పెద్ద నష్టం తోటిపిల్లలు లేకపోవడం. తెలుగు ఊళ్లలో పెద్దలు పిల్లలతో కూర్చుని ఆడటం ఎప్పుడూ పెద్దగా లేదు. ఎనిమిదేళ్ల అక్క, పదేళ్ల బావ, పక్కింటి అన్న ఆటను నడిపించేవారు. చిన్నవారు ముందు చూసి, తర్వాత చిన్న పాత్రల్లో చేరి, ఏడాది తిరిగేసరికి తామే పాత్రలు పంచే స్థాయికి వచ్చేవారు. ఒక్కడే పిల్లవాడు ఉన్న అపార్టుమెంటు ఇంట్లో ఆ బడి మూతపడింది. ఒకే వయసు పిల్లలను ఒక గదిలో వేసే ఎల్‌కేజీ దాన్ని భర్తీ చేయలేదు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా అందరినీ కలిపి కూర్చోబెట్టే అంగన్‌వాడీకి ఈ ఒక్క విషయంలో ఖరీదైన బడి కంటే మేలైన స్థితి ఉంది, దాన్ని లోపంగా చూడటం మానాలి.

పేద ఇళ్లలో ఆటకు చోటెక్కడిదన్న ప్రశ్నకు జమైకా నుంచి జవాబు వచ్చింది. 1986లో కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసిపిల్లలను ఎంచుకుంది. అందులో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ల పాటు వారానికి ఒక గంట వెళ్లి, ఇంట్లోని వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఆడిస్తూ ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన ఆ సందర్శనలు అందని తోటివారి కంటే దాదాపు 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. ఇది కేవలం స్వేచ్ఛా క్రీడ ఫలితం కాదు, తల్లీబిడ్డల మధ్య మాట పెరగడం కూడా అందులో ఉంది. అయినా అక్కడ వాడిన సరంజామా ఖాళీ సీసాలు, అట్టముక్కల వంటివే. ఆ పద్ధతిని తర్వాత ఒడిశాతో సహా ఎన్నో చోట్ల అనుసరించి చూశారు.

ఆటను గమనించడం వల్ల ఒక్కోసారి వైద్యపరమైన మేలు కూడా ఉంటుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది పిల్లలు ఖాళీ గ్లాసుతో నీళ్లు తాగినట్లు, బొమ్మకు అన్నం పెట్టినట్లు నటించడం మొదలుపెడతారు. ఆ నటన అసలే కనిపించక, పిలిస్తే పలకకపోవడం, వేలితో చూపించకపోవడం కూడా తోడైతే ఆటిజం ఉందేమో పరీక్షించి చూడటం మంచిది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం వాడే తొలి పరీక్ష ప్రశ్నావళిలో ఇలాంటి నటన గురించి ఒక ప్రశ్న ఉంటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు అలాంటి పిల్లలను అంగన్‌వాడీ నుంచే పంపవచ్చు. భయపెట్టడానికి కాదు, నాలుగేళ్లు వచ్చేదాకా ‘మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయిలే’ అని ఆగకుండా ఉండటానికి ఈ సంగతి తెలియాలి.

ఇక మిగిలింది కొలత సమస్య. పోషణ్ ట్రాకర్‌లో బరువుకు గడి ఉంది, ఎత్తుకు గడి ఉంది, హాజరుకు గడి ఉంది. హోటలు పెట్టి వేపాకులు తీసుకున్న పిల్ల ఆ పూట ఏం సాధించిందో రాయడానికి గడి లేదు, ఉండాలని కోరడం కూడా మంచిది కాదు. గడి పెడితే దాన్ని నింపడం కోసం ఆటను మళ్లీ కవాతు చేస్తారు. దీనికి యాప్ కంటే తల్లిదండ్రుల కళ్లే మెరుగైన సాధనం. అంగన్‌వాడీల్లో నెలనెలా ఈసీసీఈ (పూర్వ బాల్య సంరక్షణ, విద్య) దినం జరపాలన్న నియమం ఉంది. ఆ రోజున పిల్లల చేత పద్యాలు, అంకెలు అప్పజెప్పించడం పలుచోట్ల ఆనవాయితీ. దానికి బదులు తల్లులను, నాన్నమ్మలను గోడవారగా కూర్చోబెట్టి అరగంట పాటు పిల్లల ఆటను చూడనివ్వాలి. పిల్లలను కదిలించకుండా టీచరు పక్కన కూర్చుని చిన్న గొంతుతో ఒక్కో సంగతిని చూపించాలి: ఇప్పుడే వాడు తన వంతు కోసం ఆగాడు, ఆ పిల్ల చిన్నదాన్ని ఆటలో చేర్చుకోవడానికి పాపాయి పాత్రను పుట్టించింది, వాడు నిన్న నాలుగు దాకానే లెక్కపెట్టాడు, ఇవాళ డబ్బు చాలలేదని ఏడు ఆకులు ఏరుకొచ్చాడు. ఇలా చూపించడానికి టీచరుకు ముందు శిక్షణ కావాలి, శిక్షణ నిలవాలంటే రిజిస్టర్లలో సగమైనా తగ్గాలి, ఆ రెండూ స్త్రీ శిశు సంక్షేమ శాఖ చేతిలోని పనులే.